తాబేలు పేజీ

చోడవరంలోని ఆ హైస్కూల్లో, స్టాఫ్ రూము మొదలుకొని గేటు బయట బఠాణీల బండి దాకా అందరూ నమ్మిన మాట ఒకటుంది: చిన్నపిల్లలు వచ్చాకే లైబ్రరీ పుస్తకాలు చిరిగిపోయాయి.

నమ్మడానికి ఎవరూ కష్టపడనక్కర్లేని మాట అది. వీధి బడుల్లో ఉన్న మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని తీసి హైస్కూళ్ళలో కలిపిన ఏడాది. జూన్‌లో ఆ పిల్లలు వచ్చారు. జూలైలో వాళ్ళ కోసం లైబ్రరీ బీరువా కింది అర తెరిచారు. ఎప్పుడో ఏదో పథకం కింద పంపిణీ అయి, హైస్కూల్లో వాటిని చదివే వయసువాళ్ళు లేక అలా పడి ఉన్న బొమ్మల పుస్తకాలు అందులో ఉన్నాయి. తెరిచిన కొద్ది రోజులకే వాటిలో చాలా పేజీలు లేవని తేలింది. ఒకదాని వెనక ఒకటి జరిగితే ముందు జరిగినదే కారణమనుకోవడం మనిషికి చాలా పాత అలవాటు. తోకచుక్కలనూ గ్రహణాలనూ ఆ అలవాటుతోనే నిందించాం. ఇక్కడ నింద ఎనిమిదేళ్ళ పిల్లల మీద పడింది.

లైబ్రరీ అంటే పెద్ద గదేమీ కాదు. సైన్సు ల్యాబు పక్కన, ఒక ఇనప బీరువా, రెండు బల్లలు, ఒక చాప పట్టేంత చోటు. బీరువా పై అరలో తొమ్మిది, పది తరగతుల వాళ్ళకి గైడ్లూ పోటీ పరీక్షల పుస్తకాలూ ఉంటాయి. మధ్య అరలో ఆరు నుంచి ఎనిమిది వరకు చదివేవాళ్ళకి మహనీయుల జీవిత చరిత్రలు. కింది అరలో బొమ్మల పుస్తకాలు. ఏ వయసువాళ్ళు ఆ అరకే చెయ్యి చాపాలన్నది లైబ్రరీ చూసే సత్యారావు మాస్టారి నియమం. ఆయన జీవశాస్త్రం చెబుతారు. జూలై తర్వాత చిన్నపిల్లల విషయంలో ఆ నియమాన్ని మరికొంత బిగించారు. వాళ్ళు పుస్తకాన్ని ముట్టుకోకూడదు. చేతులు వెనక్కి కట్టుకుని వరసగా నిలబడాలి. పదో తరగతి పిల్ల ఒకతె స్టూలు మీద కూర్చుని, పుస్తకం ఎత్తి పట్టుకుని పేజీలు తిప్పుతుంది.

వీధి బడి నుంచి పిల్లలతో పాటే బదిలీ అయి వచ్చిన మూడో తరగతి టీచరు మిరియంకి ఈ పద్ధతి నచ్చలేదు. కానీ స్టాఫ్ రూములో ఆమె కుర్చీ తలుపు చాటున, బీరువా తెరిస్తే లేచి నిలబడవలసిన చోట ఉండేది. అక్కడి నుంచి మాట్లాడితే ఏ మాటైనా కాస్త చిన్నదిగానే వినబడుతుంది. పైగా ఆమె కూడా ఆ మాట నమ్మింది. చిన్నపిల్లలన్నాక చింపుతారు. ఇంట్లో తన కూతురు జూడీ చింపలేదా?

నవంబరు చివర ఒక మంగళవారం లైబ్రరీ పీరియడులో మూడో తరగతి వరసగా నిలబడి ఉంది. లేత వేళ్ళు వీపుల వెనక ఒకదానితో ఒకటి పెనవేసుకుని, విడిపోయి, మళ్ళీ పెనవేసుకుంటున్నాయి. స్టూలు మీద ప్రవల్లిక కూర్చుని ఉంది. చురుకైన పిల్ల, క్లాసు ఫస్టు. ఎత్తి పట్టుకున్న పుస్తకం నీళ్ళు వెతుక్కుంటూ బయలుదేరిన ఒక తాబేలు కథ. తాబేలు ఎండిన చెరువు దాటింది, రాళ్ళ గుట్ట ఎక్కింది, గుట్ట మీద ఆగి దూరంగా చూసింది. ప్రవల్లిక పేజీ తిప్పింది. తాబేలు లేదు. కొంగలు గెంతుతున్నాయి.

“అక్కా, ఎనక్కి తిప్పు. తాబేలు ఏటైపోనాది?” అన్నాడు సన్నీ.

“ఆ పేజీ లేదురా.”

“సచ్చిపోనాదేటి?”

“సచ్చిపోతే కొంగలెందుకురా గెంతుతాయి?”

“దాని దినాలకొచ్చేయేమో.”

వరస మొత్తం నవ్వింది. ప్రవల్లిక కూడా నవ్వు ఆపుకోలేక పుస్తకం కాస్త కిందికి దించింది. ఆ దించినప్పుడు ముందు వరసలో ఉన్న చిన్నారికి పుస్తకం మధ్య భాగం దగ్గరగా కనిపించింది. రెండు పేజీల నడుమ, కుట్టు దగ్గర, సన్నటి కాగితపు అంచు నిలబడి ఉంది. చిన్నారి ఎప్పుడూ నవ్వులో కలిసే పిల్ల కాదు. ఒక అడుగు ముందుకు వేసి, వెనక కట్టుకున్న కుడి చెయ్యి విడిపించుకుని, చూపుడువేలు ఆ అంచు మీద పెట్టింది. అక్కడ తాబేలు ఏమైనా మిగిలి ఉందేమో చూడాలన్నట్టు మెల్లగా కిందికి జరిపింది.

“అదిగో!”

గుమ్మంలో సత్యారావు మాస్టారు.

“చెయ్యి అలాగే ఉంచు. ప్రవల్లికా, పుస్తకం కదపకు. చూసేరా మిరియం గారూ? ఇన్నాళ్ళూ నేను చెప్తుంటే, పాపం చిన్నపిల్లలన్నారు. ఇప్పుడు చేత్తోనే దొరికింది.”

సత్యారావు మాస్టారు చెడ్డమనిషి కాదు. సెలవు రోజుల్లో దేవరాపల్లి, రోలుగుంట వైపు ఊళ్ళకి వెళ్ళి, భూతవైద్యుల నిమ్మకాయలో నెత్తురు ఎలా వస్తుందో, నిప్పుల మీద కాళ్ళు ఎందుకు కాలవో చేసి చూపించే మనిషి. “ఋజువేదీ?” అన్నది ఆయన ఊతపదం. ఆ రోజు ఋజువు ఆయన కళ్ళ ముందే వేలు పెట్టుకుని నిలబడి ఉంది. ఇంక అడగడానికేముంది?

మిరియం చిన్నారిని వరండాలోకి తీసుకువెళ్ళింది. స్తంభం పక్కన కూర్చోబెట్టి, తాను కూడా గచ్చు మీద కూర్చుంది.

“నిజం చెప్పమ్మా. నిజం చెప్తే నేనేమీ అనను. ఆ పేజీలు నువ్వే చింపేవా?”

చిన్నారి తల అడ్డంగా ఊపింది.

“మరెవరు?”

చిన్నారి స్తంభం మీది సున్నాన్ని గోటితో గీకింది.

“భయమెందుకు? నేను కొట్టేనా ఎప్పుడైనా? నువ్వు ఒప్పుకుంటే మిగతావాళ్ళని ఎవరూ ఏమీ అనరు. నువ్వేనా?”

అదే ప్రశ్నను మిరియం మెత్తగానే చాలాసార్లు అడిగింది. మెత్తగా అడిగిన ప్రశ్న కూడా మళ్ళీ మళ్ళీ అడిగితే దారి మూసేస్తుందని ఆమెకు అప్పుడు తోచలేదు. ఇంతలో మధ్యాహ్నం గంట కొట్టారు. వంటగది వైపు నుంచి పళ్ళేల చప్పుడు మొదలైంది. గుడ్డు పెట్టే రోజు. మూడో తరగతి వరస కట్టి కదిలిపోతోంది. సన్నీ వెనక్కి తిరిగి, రమ్మని చెయ్యి ఊపాడు. చిన్నారి ఆ వరస చివర కేసి చూసింది, టీచరు ముఖం కేసి చూసింది.

“నేనే సింపేను టీచర్” అంది. అని, లేవవచ్చా అన్నట్టు గచ్చు మీద అరచేయి ఆనించింది.

“ఎలా చింపేవు?”

చిన్నారి రెండు చేతులూ గాలిలో పట్టుకుని, అటొకటి ఇటొకటి లాగి చూపించింది.

“సరే, వెళ్ళి అన్నం తిను.”

హెడ్మాస్టరు గణపతిరావు గారి గదిలో మిరియం “ఒప్పుకుంది సార్” అని చెప్పినప్పుడు ఆమె మనసు తేలికపడిన మాట నిజం. తరగతి మొత్తం మీద ఉన్న అనుమానం ఒక్క పిల్ల మీదికి చేరింది. మిగతావాళ్ళకి చేతులు విప్పుతారనుకుంది.

“ఒకతె ఒప్పుకుందంటే, మిగిలినోళ్ళు ఒప్పుకోలేదనే కదమ్మా అర్థం” అన్నారు గణపతిరావు గారు, కళ్ళజోడు తుడుచుకుంటూ.

*

మర్నాడు ఉదయం ప్రార్థన అయ్యాక ఆయన మైకు ముందుకు వచ్చారు. పాఠశాల ఆస్తిని కాపాడడం గురించి చెప్పారు. తప్పు చేసినా ఒప్పుకోవడం గొప్ప గుణమని చెప్పి, ఉదాహరణకు మూడో తరగతి చిన్నారి పేరు చదివారు. ఆయన మెచ్చుకుంటున్నాననే అనుకున్నారు. ఐదు వందల తలలు ఒకేసారి మూడో తరగతి వరస వైపు తిరిగాయి. ఎనిమిదో తరగతి వరసలోంచి ఎవరో “సింపుడు గుంట” అన్నారు, చింపే పిల్ల అని. ఆ మాట వరస నుంచి వరసకు పాకింది. చిన్నారి తన కాళ్ళ దగ్గర మట్టిని బొటనవేలితో గీస్తూ నిలబడింది. ఇంటర్వెల్ తర్వాత ఆమె సంచీ ఉంది, ఆమె లేదు. సన్నీ ఆ సంచీని సాయంత్రం వాళ్ళ వీధికి మోసుకుపోయాడు.

హెడ్మాస్టరు నిర్ణయం కూడా ఆ రోజే తెలిసింది. కింది అర పుస్తకాలన్నీ మూటగట్టి ల్యాబు అటక మీద పెట్టాలి. శుక్రవారం అటెండరు నిచ్చెన వేస్తాడు. ఆ అరలో పోటీ పరీక్షల పుస్తకాలు మరికొన్ని సర్దుకోవచ్చు.

“మరి మా పిల్లలకి లైబ్రరీ పీరియడు సార్?” అంది మిరియం.

“ఆటలాడించండమ్మా. ఎలాగూ ముట్టుకోనివ్వట్లేదు కదా. పెద్దోళ్ళయ్యేక చదువుకుంటారు.”

“చిరిగినవి అతికించి ఇస్తాను సార్. శుక్రవారం దాకా ఉంచండి.”

“అతికించండి. అటక మీదకే కదా, ఎలాగున్నా ఒకటే” అన్నారాయన. వ్యంగ్యం లేదు. ఆయనకు నిజంగానే ఒకటే.

మధ్యాహ్న భోజనం వండే పొయ్యి మీద, పాత రేకు డబ్బాలో మైదా పిండి నీళ్ళు కలిపి మిరియం జిగురు కాచింది. ఉండ కట్టకుండా కలుపుతూ, అంటుకోకుండా గరిటె తిప్పుతూ, పలచని గంజిలా పారదర్శకం అయ్యాక దించింది. చీమలు పట్టకుండా కాస్త మైలుతుత్తం వేసింది. లైబ్రరీ గదిలో చాప మీద పుస్తకాలన్నీ పరచి, ఒక్కొక్కటే ఒళ్ళోకి తీసుకుంది. ఊడిన అట్టలు, విప్పారిన కుట్లు, కుక్కచెవుల్లా మడత పడ్డ మూలలు. వాటిని వేలితో సాఫు చేస్తూ, పాత దినపత్రిక ముక్కలు జిగురుతో వెన్నుకు అంటిస్తూ పోయింది.

తాబేలు పుస్తకం దగ్గర చెయ్యి ఆగింది.

చిన్నారి వేలు పెట్టిన అంచు తిన్నగా ఉంది. పై నుంచి కింది దాకా గీత గీసినట్టు. ముంగిస కథ పుస్తకం తీసింది. ముంగిస ఉండవలసిన చోటా అంతే. పక్షుల పుస్తకంలో పేజీ ఉంది గాని, పేజీ మధ్యలో వడ్రంగిపిట్ట ఆకారంలో కన్నం ఉంది. తోక, ముక్కు, గోళ్ళు కూడా తప్పిపోకుండా చుట్టూ కోసిన కన్నం.

మిరియం దినపత్రిక చేతిలోకి తీసుకుని చింపి చూసింది. చిరుగు సగం దాకా తిన్నగా వచ్చి, పక్కకు జారిపోయింది. అంచున దూదిలా నూగు లేచింది. ఆ సాయంత్రం ఆఖరి పీరియడులో ఆమె తరగతికి దినపత్రికలు పంచింది. “ఇష్టమొచ్చినట్టు చింపండి” అంది. పిల్లలు మొదట నమ్మలేదు. చేతులు ఒళ్ళోనే పెట్టుకుని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత గది నిండా చిరుగుల చప్పుడు. సన్నీ పళ్ళతో కూడా ప్రయత్నించాడు. ఏరిన ముక్కల్లో తిన్నని అంచు ఒక్కటీ లేదు.

ఆ ముక్కలు పట్టుకుని ఆమె సత్యారావు మాస్టారి దగ్గరికి వెళ్ళింది. ఆయన శ్రద్ధగానే చూశారు.

“పరీక్ష బాగానే చేసేరు. కాని బ్లేడుంటే? పెన్సిళ్ళు చెక్కుకోడానికి బ్లేడు ముక్కలు తెస్తారు కదండీ వీళ్ళు.”

“చేత్తో చింపేనని చూపించింది మాస్టారూ.”

“అబద్ధమాడిందేమో, బ్లేడు తెచ్చేనంటే తిడతారని. ఒప్పుకున్నదైతే ఒప్పుకుంది కదా.” ఒక్క క్షణం ఆగి, ఆమె వేళ్ళకు ఎండిన జిగురు చూసి మెత్తబడ్డారు. “అట్టలకి గట్టి కాగితం కావాలా? ల్యాబులో పాత చార్టులు మూలుగుతున్నాయి. పిల్లలు చేసిన ప్రాజెక్టు చార్టులవి. ఎలకలు కొట్టేస్తన్నాయి. తీసుకుపోండి, అట్టలేసుకోడానికి పనికొస్తాయి.”

రబ్బరు బాండ్లు వేసిన చార్టుల కట్ట ఆయనే తెచ్చి, లైబ్రరీ గుమ్మం పక్కన నిలబెట్టి వెళ్ళారు.

*

గురువారం చిన్నారి బడికి రాలేదు. బడి వదిలాక మిరియం వాళ్ళ వీధికి నడిచింది. చెరకు నరుకుడు మొదలైంది. ఫ్యాక్టరీకి పోయే ట్రాక్టర్లు రోడ్డు సగం ఆక్రమించి, రాలిన గడల మీద నుంచే పోతున్నాయి. తల్లీ తండ్రీ వడ్డాది వైపు నరుకుడు పనికి పోయారు. ఇంటి ముందు నానమ్మ అచ్చియ్యమ్మ గేదె ముందర చెరకాకు వేస్తోంది. చిన్నారి ఆ ఆకు కట్టల్ని విప్పి, ముసలామె చేతికి అందిస్తోంది. టీచర్ని చూడగానే చిన్నారి గేదె అవతలకు పోయి నిలబడింది.

“కూకోండమ్మా” అని అచ్చియ్యమ్మ పీట తుడిచి వేసింది. “మైకులో సెప్పేరట దీని పేరు.”

“మంచిగానే చెప్పేరు పెద్దమ్మా.”

“మంచి మాటైతే గుంట ఆకులో తల దాసుకుని ఎందుకు ఏడుస్తాదమ్మా?”

మిరియం గేదె అవతలి వైపు చూసింది.

“సింపిందంటన్నారు. సింపే ఉంటాదిలే, అదే సెప్తంది కదా. కాని నాకొకటి తెలవదు. మా ఇంట్లో సింపడానికి కాయితం ఏటుందమ్మా? రేషను కార్డొకటి, మా ముసిలోడి పింఛను కాయితమొకటి. ఆ రెండూ పుట్టినకాడి నుంచి సూస్తంది. ఒక్కసారి ముట్టలేదు.”

గేదె మెడ కింద నుంచి చిన్నారి కళ్ళు కనిపిస్తున్నాయి.

“చిన్నారీ, ఇలా రా” అంది మిరియం. రాలేదు. “రేపు బడికి వస్తావా?”

“సింపుడు గుంట అంటారు.”

“అననివ్వను.”

“మీరున్నప్పుడు అనరు టీచర్.”

అది నిజం. ట్రాక్టరు ఒకటి పాట పెద్దగా పెట్టుకుని పోయేదాకా ముగ్గురూ ఆగారు. మిరియం ముసలామె వైపు తిరిగింది.

“పెద్దమ్మా, రేపు పొద్దున్న మీరు దీన్ని తీసుకుని హెడ్మాస్టరు గారి గదికి రండి. చింపిందో లేదో నేను ఆయన ముందే తేలుస్తాను. ఒప్పుకోమని దీన్ని వేపుకు తిన్నది నేనే.”

“మీరేటంటారమ్మా? సింపలేదంటారా?”

“తెలీదు పెద్దమ్మా. తెలీకుండానే చింపిందని చెప్పేను.”

అచ్చియ్యమ్మ చేతిలోని ఆకు గేదె ముందర పడేసి, చేతులు దులుపుకుంది. “తెస్తాన్లెండి. తప్పైతే కొట్టండి. మైకులో మాత్రం సెప్పకండి.”

*

శుక్రవారం మిరియం గంటకు ముందే వచ్చి లైబ్రరీ తాళం తీసింది. సాయం చేస్తానని ప్రవల్లిక కూడా తొందరగా వచ్చింది. అటక ఎక్కేలోపు కనీసం అట్టలైనా వేసి పంపాలని మిరియం పట్టుదల.

“టీచర్, ఒకటి సెప్పనా?” అంది ప్రవల్లిక, చార్టుల కట్ట రబ్బరు బాండు తీస్తూ. “పేజీలు నేను గబగబా తిప్పేస్తాను. వాళ్ళు బొమ్మ సూడ్డమే అవదు. నాకు రెండు లైన్లు సదవడానికి ఎంతసేపు? వాళ్ళు ఒక బొమ్మలో చీమల్ని కూడా ఎతుకుతారు.”

“నెమ్మదిగా తిప్పమని వాళ్ళు అడగరా?”

“అడుగుతారు. బెల్లు కొట్టేస్తారని నేనే ఆగను.” చార్టు ఒక కొస పట్టుకుని గోడ వైపు నడిచింది. చాలాకాలం చుట్టి ఉన్న చార్టు చేతిలోంచి జారి మళ్ళీ చుట్టుకుపోతోంది. “మీద తరగతులోళ్ళకి ప్రాజెక్టులు టీచర్. బొమ్మలు రంగుల్లో ఉండాలంటారు. పై అరలో గైడ్లలో బొమ్మలుండవు. కలరు ప్రింటు తీయించుకోడానికి అందరికీ అవదు.”

“ఆ కొస మీద పుస్తకం పెట్టు, చుట్టుకోకుండా.”

ప్రవల్లిక పుస్తకం పెట్టి, చార్టును అరచేతులతో చదును చేసుకుంటూ ఇటు వచ్చింది. సగంలో ఆగింది.

“టీచర్, తాబేలు ఇక్కడుందేటి!”

చార్టు పైన లావుపాటి స్కెచ్ పెన్నుతో ‘జీవ వైవిధ్యం’ అని రాసి ఉంది. సరీసృపాలు అన్న శీర్షిక కింద, నీలం నీళ్ళ అంచున మెడ చాచి తాగుతున్న తాబేలు. అదే పెంకు, అదే అమాయకపు కళ్ళు. క్షీరదాల కింద ముంగిస. పక్షుల కింద, తోక నుంచి గోళ్ళ దాకా శుభ్రంగా కోసి అతికించిన వడ్రంగిపిట్ట. మిరియం పక్షుల పుస్తకం తెచ్చి, కన్నం ఉన్న పేజీని దాని మీద పెట్టింది. పిట్ట కన్నంలోంచి సరిగ్గా బయటికి చూసింది.

“ఎవరిదిది?”

“తెలీదు టీచర్. పేర్లున్న ముక్క ఎలక కొట్టేసింది.” ప్రవల్లిక ముఖం పాలిపోయింది. “మా క్లాసుది కాదు టీచర్, ఒట్టు. మేం ఇంకా చార్టులు మొదలెట్టలేదు.”

చార్టు పై మూల లోపలికి మడత పడి ఉంది. ఆ మడతలోంచి ఎర్ర సిరా ‘వెరీ గుడ్’ సగం, సత్యారావు మాస్టారి పొడి సంతకం మొదలు కనిపిస్తున్నాయి. అంతే చాలనిపించింది మిరియంకి. మడత విప్పకుండానే చార్టు చుట్టేసింది.

అప్పుడే వచ్చిన సన్నీ కిటికీ ఊచల్లోంచి తల పెట్టాడు. “తాబేలు దొరికిందా టీచర్? బతికే ఉందా?”

“ఉంది. నీళ్ళు తాగుతోంది.”

“ఊడదీసి పుస్తకంలో అంటించేద్దుం టీచర్!”

“ఇప్పుడు కాదురా” అంది మిరియం.

హెడ్మాస్టరు గదిలో చార్టు బల్లంతా ఆక్రమించింది. గణపతిరావు గారు టీ గ్లాసు చేతిలోకి తీసుకుని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకున్నారు. గుమ్మం దగ్గర అచ్చియ్యమ్మ, ఆమె చీర కుచ్చెళ్ళ వెనక చిన్నారి. సత్యారావు మాస్టారిని పిలిపించారు. ఆయన చార్టు చూశారు, పుస్తకాలు చూశారు, కన్నాన్ని పిట్ట మీద పెట్టి తానే సరిపోల్చుకున్నారు.

“పెద్ద పిల్లలు కోసేరంటారా?” అన్నారు హెడ్మాస్టరు.

“తొందరపడకూడదు సార్” అన్నారు సత్యారావు మాస్టారు. మొండితనంతో కాదు, అలవాటైన జాగ్రత్తతో. “చార్టు మీద బొమ్మలున్నాయి, నిజం. వీళ్ళే కోసేరని ఎలా చెప్తాం? చిన్నపిల్లలు చింపి పడేసిన పేజీలు గదిలో దొరికితే, పనికొస్తాయని పెద్దపిల్లలు ఏరుకుని, అంచులు సాఫు చేసి అతికించి ఉండొచ్చు కదా. పుస్తకంలో మిగిలిన అంచు కూడా వాళ్ళే సాఫు చేసుండొచ్చు. రెండూ సాధ్యమే. పైగా ఒక పిల్ల ఒప్పుకుంది.”

“ఒప్పించింది నేను మాస్టారూ” అంది మిరియం. గొంతు ఆమె అనుకున్న దానికంటే పైకి లేచింది. “కాదని తలూపింది. నేను వదల్లేదు. అన్నం గంట కొట్టేసేరు, గుడ్డు పెట్టే రోజు, అందరూ వెళ్ళిపోతన్నారు. ‘నేనే’ అంటే లేవనిస్తాననుకుని అనేసింది. అదా ఋజువు? మీరు ఊళ్ళలో భూతవైద్యుల్ని అడిగే ప్రశ్న ఇక్కడెందుకు అడగలేదు?”

సత్యారావు మాస్టారి ముఖం ఎర్రబడింది. కాని ఆయన ఆ ప్రశ్నను పక్కకు నెట్టే మనిషి కాదు. చార్టు మీదికి మళ్ళీ వంగారు.

“సంతకం నాదే. ఇది చూసి మెచ్చుకుని మార్కులేసిందీ నేనే. బొమ్మలెక్కడివర్రా అని అప్పుడు అడగలేదు. రంగులు బాగున్నాయనుకున్నాను.” మడత పడ్డ మూలను గోటితో లేపి, అరచేత్తో రుద్ది చదును చేశారు. సంతకం పూర్తిగా బయటపడింది. సంతకం కింద, ఏ చార్టు కిందైనా ఆయన వేసే తేదీ ఉంది. ఆయన దాన్ని చదివారు. కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ చదివారు.

“ఏటండీ?” అన్నారు గణపతిరావు గారు.

సత్యారావు మాస్టారు చార్టును తిప్పి హెడ్మాస్టరు వైపు జరిపి, తేదీ మీద వేలు పెట్టారు. ఆయన చదివి, టీ గ్లాసు కింద పెట్టేశారు, నేల మీద.

తర్వాత అటెండరు నిచ్చెన తెచ్చి గుమ్మం దగ్గర నిలబడితే, దాన్ని తీసుకుపొమ్మని చెప్పింది సత్యారావు మాస్టారే. అచ్చియ్యమ్మ ఎదుటికి వెళ్ళి, “నావల్ల పొరపాటైందమ్మా” అన్నదీ ఆయనే. ముసలామెకు ఏం జరిగిందో పూర్తిగా అర్థం కాలేదు. “మైకులో సెప్తారా బాబూ?” అని మాత్రం అడిగింది, భయంగా.

“చెప్తాను. నేనే చెప్తాను. ఈసారి నా పేరు చెప్తాను.”

మిరియం చిన్నారిని వరండాలోకి తీసుకువచ్చింది. తాబేలు పుస్తకం ఆమె చేతికి ఇవ్వబోయింది. చిన్నారి అందుకోలేదు.

“నువ్వు చింపలేదమ్మా. అందరికీ తెలిసిపోయింది.”

“నేనే సింపేను టీచర్.”

“లేదమ్మా. నేను అడిగి అడిగి అనిపించేను.”

“కాదు టీచర్.” చిన్నారి ఓపిగ్గా, పెద్దవాళ్ళకి తెలియనిది చెబుతున్నట్టు చెప్పింది. “సింపేను. ఇలాగ లాగేను. సర్రుమంది. నాకు గేపకముంది.”

మిరియం ఆ మాట విని నిర్ఘాంతపోయింది. చెయ్యని పని ఆ పిల్లకు చప్పుడుతో సహా గుర్తుంది. నువ్వు మంచిదానివనీ, బంగారు తల్లివనీ ఎంత చెప్పినా ఆ చప్పుడు పోదు. బుజ్జగింపు దానికి మందు కాదు. ఆమె గచ్చు మీద పిల్లకు ఎదురుగా కూర్చుంది.

“చిన్నారీ, జూన్‌కి ముందు నువ్వు ఏ బడిలో చదివేవు?”

“మా ఈది బళ్ళో.”

“ఈ బడికి ఎప్పుడైనా వచ్చేవా?”

“లేదు టీచర్. మా ఈదికి గేటు కనపడదు.”

“లోపల ఈ గది ఎక్కడుందో తెలుసా అప్పుడు?”

చిన్నారి ఆలోచించింది. తల అడ్డంగా ఊపింది.

మిరియం చార్టు తెచ్చి పరిచి, ఎర్ర సిరాలో ఉన్న అంకెలను ఒక్కొక్కటే చూపించి చదివించింది. మూడో తరగతి పిల్లకు తేదీలు చదవడం వచ్చు. చిన్నారి వేలు పెట్టి, కూడబలుక్కుని, నెలను వేళ్ళ మీద లెక్క వేసుకుని, పైకే చదివింది. తాబేలు పేజీ ఆ చార్టు మీదికి చేరింది ఫిబ్రవరిలో. చిన్నపిల్లలు ఆ బడికి వచ్చింది ఆ తర్వాత జూన్‌లో.